చుక్కల నడుమ గీత

ఆర్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ప్లాట్ అని కొట్టి, బ్రాకెట్లలో కార్స్ అని రాసి ఎంటర్ నొక్కితే చాలు. రెప్పపాటులో 50 కార్లు గుండ్రటి చుక్కలై తెర మీద పరుచుకుంటాయి. డిగ్రీ పిల్లలకు గణాంకశాస్త్రం చెప్పేటప్పుడు నేను మొదట చూపించే బొమ్మ ఇదే. ఈసారి ఒక అమ్మాయి చుక్కల్ని వదిలేసి అంచుల్లోని అంకెల్ని పట్టుకుంది. "సార్, డేటాలో వేగం 4 నుంచి 25 దాకా ఉంది కదా. మరి కింద 5, 10, 15, 20, 25 అని ఎవరు పెట్టారు సార్? మనం చెప్పలేదు కదా?"

చెప్పలేదు, నిజమే. స్కాటర్‌ప్లాట్ అంటే ప్రతి జంట అంకెలకూ ఒక చుక్క పెట్టడం, అంతకుమించి ఏముంది అనుకుంటాం. ఆ చుక్కల వెనక యంత్రం మన తరఫున ఎన్ని నిర్ణయాలు తీసుకుంటుందో చూస్తే గౌరవం కలుగుతుంది.

కార్స్ అనేది ఆర్‌తో పాటే వచ్చే చిన్న పట్టిక. 1920లలో తీసిన కొలతలవి. కారు గంటకు ఎన్ని మైళ్ల వేగంతో పోతోంది, ఎన్ని అడుగుల దూరంలో ఆగింది అన్నవి రెండే నిలువు వరుసలు. దీన్ని బొమ్మ కట్టేముందు ఆర్ డేటా అంచుల్ని రెండు వైపులా 4 శాతం చొప్పున వెనక్కి జరుపుతుంది. చివరి చుక్కలు చట్రానికి అతుక్కుపోకుండా ఈ జాగ్రత్త. 4 నుంచి 25 దాకా ఉన్న 21 మైళ్ల వెడల్పు అలా 22.68 అవుతుంది. దాన్ని ఇంచుమించు ఐదు భాగాలు చేయాలని చూస్తే ఒక్కో భాగం 4.536 వస్తుంది. 4.536, 9.072, 13.608 అని అక్షం మీద రాస్తే ఎవరు చదువుతారు? అందుకని 1, 2, 5, 10 అనే నాలుగు అంకెల్లో, లేదా వాటి పదింతల్లో, పదో వంతుల్లో తగినదాన్ని ఏరుకుంటుంది. మన జేబులోని రూపాయి నాణేల్లోనూ ఈ నాలుగూ ఉండటం ఊరికే కాదు, మనిషి లెక్క ఈ మెట్ల మీదే తేలిగ్గా నడుస్తుంది. 4.536కి దగ్గరగా 5 ఉంది కాబట్టి ఐదేసి మెట్లు. నిలువు అక్షం మీద 2 నుంచి 120 అడుగుల దాకా ఉన్న దూరానికీ ఇదే పద్ధతి. భాగం 25.488 వస్తుంది, 20కీ 50కీ పోటీ పడితే 20 గెలుస్తుంది, అక్షం 0, 20, 40 అంటూ 120 దాకా పోతుంది. ఈ పద్ధతిని విడిగా వాడుకోవడానికి ఆర్‌లో ప్రెటీ అనే ఫంక్షన్ ఉంది.

ఆ అమ్మాయికి ఇంతవరకు చెప్పి, చుక్కల్ని లెక్కపెట్టమన్నాను. పట్టికలో 50 వరుసలుంటే తెర మీద 49 గుండ్రాలే ఉన్నాయి. 13 మైళ్ల వేగంతో పోయి 34 అడుగుల్లో ఆగిన కార్లు రెండున్నాయి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. యాభైలో ఒకటి దాక్కుంటే నష్టం లేదు గానీ, యాభై వేల వరుసలున్న పట్టికలో ఇదే పెద్ద అబద్ధమవుతుంది. ఆర్ మామూలుగా లోపల ఖాళీగా ఉన్న గుండ్రాలనే వాడటానికి ఇక్కడో ప్రయోజనం ఉంది. సగం సగం కమ్ముకున్నా ఏ గుండ్రం ఏదో కన్ను విడదీయగలదు. పూర్తిగా కమ్ముకున్నప్పుడు జిట్టర్ అనే ఫంక్షన్ చుక్కల్ని అటూ ఇటూ రవ్వంత కదుపుతుంది.

ఇదంతా ముంగిలే. నన్ను ఏళ్ల తరబడి పట్టి ఉంచింది మాత్రం ఆ చుక్కల నడుమ వేసే గీత.

చుక్కల గుంపుకు గీత వేయమంటే పుస్తకాలు చెప్పేది కనిష్ఠ వర్గాల పద్ధతిలో ఒక సరళరేఖ. కార్లకు అది ఇలా వస్తుంది: వేగాన్ని 3.93తో హెచ్చించి 17.58 తీసేస్తే ఆగే దూరం. ఇప్పుడు గంటకు 4 మైళ్ల కారును అడిగి చూడండి. జవాబు మైనస్ 1.85 అడుగులు. అంటే కారు బ్రేకు వేసిన చోటికి ముందే ఆగిపోవాలి! పట్టికలో ఆ వేగంతో పోయిన కార్లు రెండూ 2 అడుగుల్లో ఒకటి, 10 అడుగుల్లో ఒకటి ఆగాయి. తప్పు చుక్కలది కాదు, వాటి మీద బలవంతంగా మోపిన నిటారు కర్రది.

ఈ చిక్కు కంప్యూటర్ల కంటే చాలా పాతది. యురేనస్‌ను కనుగొన్న విలియం హెర్షెల్ కొడుకు జాన్ హెర్షెల్, కన్యారాశిలోని గామా వర్జినిస్ అనే జంట నక్షత్రం కక్ష్య తేల్చాలనుకున్నాడు. 1718 నుంచి వేర్వేరు ఖగోళజ్ఞులు తీసిన కొలతలు ఆయన చేతిలో ఉన్నాయి. ఒకరి కొలత ఒకరితో కలవదు. ఆయన గళ్ల కాగితం తీసుకుని అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా ఒక నక్షత్రం నుంచి రెండోది ఏ దిశలో ఉందో చెప్పే కోణం పెట్టి చుక్కలు వేశాడు. తర్వాత చుక్క చుక్కనూ కలపకుండా, వాటి నడుమ నుంచి చేత్తో ఒక నున్నటి వక్రరేఖ గీశాడు. అక్కడితో ఆగలేదు. ఏ ఒక్క కొలతనూ నమ్మను, ఈ గీతనే నమ్ముతాను అన్నట్టు దాని మీద నుంచే కోణాలు చదివాడు. గీత ఎంత ఏటవాలుగా ఉందో చూసి నక్షత్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలుసుకున్నాడు. సమాన కాలంలో సమాన వైశాల్యం అన్న కెప్లర్ సూత్రంతో ఆ వేగం నుంచి రెండు నక్షత్రాల మధ్య దూరం ఎలా మారుతోందో రాబట్టాడు. నేరుగా కొలవబోతే బాగా తప్పులొచ్చే దూరం, గీత వాలులోంచి దొరికింది! 1833లో అచ్చయిన ఆ పనినే తొలి అసలైన స్కాటర్‌ప్లాట్‌గా గ్రాఫుల చరిత్ర రాసినవాళ్లు లెక్కిస్తారు.

అయితే అది చేయి తిరిగిన మనిషి గీసిన గీత. మరొకరు గీస్తే మరోలా వస్తుంది. ఆ చేతి నేర్పును లెక్కగా మార్చినవాడు అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన విలియం క్లీవ్‌లాండ్. 1979లో ఆయన అచ్చువేసిన పద్ధతి పేరు లోయెస్. కార్ల బొమ్మ మీదే దాన్ని నడిపించి చూద్దాం.

గంటకు 14 మైళ్ల దగ్గర గీత ఎంత ఎత్తులో ఉండాలి? లోయెస్ మొత్తం 50 కార్లనూ లెక్కలోకి తీసుకోదు. మూడింట రెండు వంతులు, అంటే 14కు అతి దగ్గర వేగాలున్న 33 కార్లనే తీసుకుంటుంది. ఈ పట్టికలో లెక్క ముచ్చటగా తెగుతుంది. 9 నుంచి 19 మైళ్ల మధ్య ఉన్నవి సరిగ్గా 33. అంటే కిటికీ 14కు అటు 5 మైళ్లు, ఇటు 5 మైళ్లు.

ఆ 33 కార్లకూ సమానమైన మాట ఉండదు. ఒక కారు 14కు ఎంత దూరంలో ఉందో చూసి, దాన్ని 5తో భాగించి, ఘనం చేసి, ఒకటిలోంచి తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ ఘనం చేస్తే ఆ కారు భారం వస్తుంది. 14 మైళ్ల కార్లకు నిండుగా 1. ఒక మైలు అవతల ఉన్న 13, 15 వాటికి 0.98. రెండు మైళ్లు పోతే 0.82. మూడు మైళ్లకు 0.48. నాలుగు మైళ్లకు 0.12. అయిదో మైలు దగ్గర సున్నా. దగ్గర్లో ఇంచుమించు సమతలంగా ఉండి, ఆపైన జారి, అంచులో మెత్తగా నేలను తాకుతుంది. ఆ మెత్తదనం కోసమే రెండుసార్లు ఘనం చేయడం. కిటికీ పక్కకు జరిగేటప్పుడు లోపలికొచ్చే కొత్త చుక్క సున్నా భారంతోనే అడుగుపెడుతుంది, బయటకుపోయేదీ సున్నా భారంతోనే పోతుంది. అందువల్ల గీత ఎక్కడా కుదుపు తినదు. ఈ చిన్న సూత్రం దగ్గర నేను ఎన్నిసార్లు ఆగి మెచ్చుకున్నానో.

భారాలు సిద్ధమయ్యాక ఆ చుక్కలకు మాత్రమే ఒక సరళరేఖ వేస్తుంది. ఆ రేఖ మీద 14 దగ్గరున్న ఒకే ఒక్క బిందువును ఉంచుకుని మిగతా రేఖను పారేస్తుంది. తర్వాత 15కు వెళుతుంది. కొత్త 33 కార్లు, కొత్త భారాలు, కొత్త రేఖ, మళ్లీ ఒక్క బిందువు. ఇలా పోగైన బిందువుల్ని కలిపితే వక్రరేఖ. లోపల వాడిందంతా సరళరేఖలే, బయటకొచ్చింది మాత్రం వంపు.

ఇంకో మెట్టుంది. 14 మైళ్ల వేగంతోనే పోతూ ఒక కారు 80 అడుగులు పోయి ఆగింది. బ్రేకులు అరిగిపోయాయో, రోడ్డు తడిగా ఉందో, డ్రైవరు ఆలస్యంగా తొక్కాడో పట్టిక చెప్పదు. ఇలాంటి చుక్క గీతను తనవైపు లాగేస్తుంది. హెర్షెల్ అయితే అలాంటిదాన్ని చూసి చేయి పక్కకు పోనివ్వడు. మరి లెక్కకు ఆ వివేకం ఎలా వస్తుంది? గీత వేసిన తర్వాత ప్రతి చుక్కా దానికి ఎంత ఎడంగా ఉందో లోయెస్ కొలుస్తుంది. ఆ ఎడాల మధ్యగతం కార్ల విషయంలో సుమారు 8 అడుగులు. దానికి ఆరు రెట్లు, అంటే సుమారు 48 అడుగులకు మించి ఎడంగా ఉన్న చుక్కకు మాట లేదు. లోపలున్నా, హద్దుకు దగ్గరయ్యేకొద్దీ భారం వేగంగా తగ్గిపోతుంది. 14 దగ్గర గీత ఎత్తు 33 అడుగులు. మన 80 అడుగుల కారు 47 అడుగులు ఎడం. హద్దు లోపలే ఉంది గానీ దాని భారం దాదాపు సున్నా. ఈ కొత్త భారాలతో పాతవాటిని హెచ్చించి మొత్తం పని మళ్లీ చేస్తుంది. ఆర్‌లో మామూలుగా ఈ దిద్దుబాటు మూడుసార్లు జరుగుతుంది.

ఫలితం చూడండి. 4 మైళ్ల దగ్గర గీత ఎత్తు ఇంచుమించు 5 అడుగులు, మైనస్ కాదు. 8 మైళ్ల ప్రాంతంలో వేగం ఒక మైలు పెరిగితే ఆగే దూరం 2.7 అడుగులే పెరుగుతుంది. 24 మైళ్ల ప్రాంతంలో అదే ఒక్క మైలుకు 5.6 అడుగులు పెరుగుతుంది. బ్రేకు వేశాక కారు జారే దూరం వేగపు వర్గంతో పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ సూత్రం లోయెస్‌కు ఎవరూ నేర్పలేదు. పైకి వంగే ఆ తీరు చుక్కల్లోంచే బయటపడింది.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. బెల్ ల్యాబ్స్‌లోనే 1976లో జాన్ చేంబర్స్, రిక్ బెకర్, వారి సహచరులు డేటాతో మాట్లాడటానికి ఎస్ అనే భాష మొదలుపెట్టారు. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దాని తరహాలో ఆర్ రాశారు. 1995లో దాన్ని అందరికీ ఉచితం చేశారు. 2000 ఫిబ్రవరి 29న 1.0 వెర్షన్ వచ్చింది. ఒక పెద్ద బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడదీసి పక్కపక్కన పోల్చే క్లీవ్‌లాండ్ ఆలోచనను దీపాయన్ సర్కార్ లాటిస్ అనే ప్యాకేజీగా ఆర్‌కు ఇచ్చాడు. ఆయన ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్. లీలాండ్ విల్కిన్‌సన్ 1999లో గ్రాఫులకు వ్యాకరణం రాస్తే, హ్యాడ్లీ వికమ్ దాని ఆధారంగా జీజీప్లాట్2 కట్టాడు. ఇప్పుడు పరిశోధన పత్రాల్లో తరచూ కనిపించే నీలి గీత, దాని చుట్టూ బూడిదరంగు పట్టీ ఈ ప్యాకేజీవే.

జీజీప్లాట్2 అందాన్ని నేను కాదనను. కానీ గీత విషయంలో నా ఓటు పాత లోయెస్‌కే. వెయ్యికి లోపు చుక్కలుంటే జీజీప్లాట్2 మామూలుగా వాడేది క్లీవ్‌లాండ్ తర్వాత విస్తరించిన పద్ధతినే. అయితే అందులో సరళరేఖ బదులు పరావలయం ఉంటుంది, దారితప్పిన చుక్కల్ని అణిచే ఆ మూడుసార్ల దిద్దుబాటు మనం అడిగితే తప్ప జరగదు. 80 అడుగుల కారు అక్కడ గీతను స్వేచ్ఛగా లాగుతుంది. ఫ్యామిలీ అన్నచోట సిమెట్రిక్ అని పెట్టుకుంటే ఆ దిద్దుబాటు జరుగుతుంది. ఎంతమంది పెడుతున్నారు?

రెంటిలోనూ మన చేతిలో మిగిలే మీట ఒక్కటి: ఎన్నో వంతు చుక్కల్ని కిటికీలోకి తీసుకోవాలి అన్నది. లోయెస్‌లో దాని పేరు ఎఫ్. మూడింట రెండు వంతులు అన్నది యంత్రం పెట్టుకున్న విలువ, ప్రకృతి నియమం కాదు. కార్లకే ఎఫ్‌ను 0.2 చేస్తే కిటికీలో పది చుక్కలే ఉంటాయి, గీత ప్రతి చిన్న కదలికకూ మెలికలు తిరుగుతుంది. 1 చేస్తే బిగుసుకుపోయి వంపు తగ్గుతుంది. ఒకే డేటా నుంచి "పెరుగుదల ఆగి మళ్లీ మొదలైంది" అనీ చూపించవచ్చు, "నిలకడగా పెరిగింది" అనీ చూపించవచ్చు. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో గానీ పత్రికలో గానీ చుక్కల మీద వక్రరేఖ గీసిన ప్రతివారికీ నా విన్నపం ఒకటే: రెండు మూడు విలువలతో గీసి చూడండి, వాడిన ఎఫ్ విలువ బొమ్మ కిందే రాయండి. రాయనివారిని అడగండి.