అడుగంటిన గిన్నెలను బాగుచేయు విధము

హైదరాబాదు పాతనగరమందలి గౌలిపురలో ఆషాఢమాసమున బోనములకై బియ్యము, పాలు, బెల్లము కలిపి వండుదురు. మంట హెచ్చినచో అవి త్వరగా అడుగంటును. అంతమాత్రమున ఇత్తడిగిన్నెను ఇసుకతోగాని ఇటుకపొడితోగాని తోమరాదు. లోపలి కళాయి అరిగిపోవును. కళాయి పోయిన పాత్రలో పులుసు నిలువయుంచినచో చిలుము పుట్టి విషమగును.

మాడిన గిన్నెలో నీరు పోసి, చెంచాడు వంటసోడా వేసి, పది నిమిషములు కాచి, చల్లారనిండు. పిమ్మట కొబ్బరిపీచుతో రుద్దిన మాడు ఊడివచ్చును. అల్యూమినియపు పాత్రకు సోడాగాని బూడిదగాని తగదు. క్షారము ఆ లోహమును తినివేయును. అందులో చింతపండునీరు కాచి కడుగవలెను.

రైతు సోదరులారా! క్రొత్తగిన్నె కొనుటకంటె ఉన్నదానికి సకాలమున కళాయి పూయించుట ఇంటికి మేలు, ఒంటికిని మేలు.