సైకిలు ఉడుపులు: పేరు, వెల, విలువ

హైదరాబాదు నగరపు వెలుపలి వలయ రహదారి ప్రక్కన, సౌరఫలకములే పైకప్పుగా గల సైకిలు బాట యొకటి 2023 అక్టోబరులో ప్రారంభమైనది. దాని పొడవు సుమారు 23 కిలోమీటర్లు. ఆదివారము తెల్లవారుజామున అచ్చట నిలిచి చూచినచో, ఒడలికి అంటుకొని యుండు రంగురంగుల ఉడుపులు ధరించి, ముందునకు వంగి తొక్కుచు పోవు స్త్రీపురుషులు కనిపింతురు. వారిలో నేనును ఒకడను. నలుబది యేండ్లు దాటిన పిమ్మట వైద్యుని సలహాపై మొదలుపెట్టిన వ్యాయామ మిది.

ఒకనాడు మా పొరుగింటి పెద్దలు, పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, దండెముపై ఎండలో ఆరుచున్న నా సైకిలు లాగును చూచి దాని వెల యడిగిరి. చెప్పితిని. వారు కొంతసేపు మౌనము వహించి, “ఏమి నాయనా, ఈ జానెడు గుడ్డలో జరీ యేమైన నేసినారా?” అనిరి. నవ్వి ఊరకుంటిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇరువది వేల రూపాయలకు పైబడిన సైకిలు లాగులు నేడు విదేశపు మార్కులలో కలవు. ఆ సొమ్ముతో ఒక సైకిలునే కొనవచ్చును. ఆ వెలలో గుడ్డకెంత, కుట్టుకెంత, పేరుకెంత? ఒకప్పుడు న్యాయముగా సంపాదించిన పేరు, ఈనాటి సరకునకు కూడ హామీ కాగలదా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు, సైకిలు తొక్కువానికి ప్రత్యేకమైన ఉడుపు ఎందులకో తెలిసికొనవలెను. బజారునకు పోయి వచ్చువానికి పంచెయైనను చాలును. ఐదారు గంటలు ఎడతెగక తొక్కువాని సంగతి వేరు. శరీర భారములో అధిక భాగము చిన్న జీనుపై పడును. కాళ్లు నిముషమునకు ఎనుబది, తొంబది మారులు తిరుగుచుండును. చెమట పట్టును. ఒక్క కుట్టు లోపలివైపున ఉబ్బి యున్నను చర్మము ఒరసికొని పుండగును. కావున ఈ ఉడుపునకు మెత్తదనము, సాగుదల, చెమటను పీల్చి వెలికి పంపుట అను మూడు గుణములు ముఖ్యములు.

పూర్వము ఈ పని ఉన్ని చేసెడిది. ఫ్రాన్సు దేశమున జరుగు ‘టూర్ డి ఫ్రాన్స్’ పందెములో ముందున్నవానికి పసుపు జెర్సీ నిచ్చు ఆచారము 1919లో ఆరంభమైనది. పందెమును నడపిన ‘లోటో’ అను పత్రికను పసుపు కాగితముపై ముద్రించెడివారు గనుక ఆ రంగు. మొదట ధరించినవాడు యూజెన్ క్రిస్టోఫ్. ఆ జెర్సీ ఉన్నిది. లాగు సైతము ఉన్నిదే. దాని లోపల మెత్తని తోలుముక్కను కుట్టెడివారు. ఉతికి ఆరవేసినంతనే ఆ తోలు అప్పడమువలె బిగిసిపోయెడిది. దానిని మెత్తబరచుటకు లేపనము రాయవలసి వచ్చెడిది. ఆటగాండ్రు ఇట్టి కష్టములకు ఓర్చుకొనిరి గాని, ఉన్నిని మాత్రము విడువ నొల్లలేదు. 1947లో ఆ పసుపు జెర్సీలో కృత్రిమపు నూలు ప్రవేశించినది. లూయిజాన్ బొబే అను యువకుడు, కృత్రిమపు గుడ్డ చెమటను పట్టి యుంచునని, అది ఆరోగ్యమునకు చేటని, తనకిచ్చిన ఆ జెర్సీని ధరింప నిరాకరించెను. నూలు సరఫరా చేయువారు పందెమునకు సొమ్మిచ్చు పోషకులు. అయినను బొబే పట్టు విడువలేదు. పోషకుని పేరు కంటె గుడ్డ గుణము ముఖ్యమని నాడొక ఆటగాడు పట్టుబట్టిన సంగతి ఇప్పటి మన ప్రశ్నకు సైతము పనికివచ్చును.

కృత్రిమపు నూలు తన తప్పును తానే దిద్దుకొనినది. 1958లో అమెరికా దేశపు డ్యుపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, తన పొడవునకు ఐదు రెట్లు సాగి మరల యథాస్థితికి వచ్చు నూలును కనిపెట్టెను. దానిని మనము లైక్రా అను పేరుతో ఎరుగుదుము. 1970ల రెండవ భాగమున అది సైకిలు లాగునకు వచ్చినది. 1976లో స్థాపితమైన స్విట్జర్లండు వారి అస్సోస్ సంస్థయు, ఇటలీ వారి కాస్తెల్లీ సంస్థయు ఆ మార్పు తమ వలననే జరిగినదని చెప్పుకొందురు. ఎవరు ముందైనను, కొద్ది కాలములోనే ఉన్ని లాగు మూలబడెను. తోలుముక్క స్థానమున పలుచని నురుగు పొరలతో చేసిన మెత్త వచ్చెను.

పేరు ఎట్లు ఏర్పడునో కాస్తెల్లీ వారి చరిత్రలో చూడవచ్చును. దాని మూలము మిలాను నగరమున 1876 నాటి వితోరె జాన్నీ అను దర్జీ దుకాణము. 1935లో ఆర్మాందో కాస్తెల్లీ అందు చేరి, కొలది యేండ్లలో యజమాని ఆయెను. ఆయన కుమారుడు మౌరీత్సియో 1974లో తేలు బొమ్మ గుర్తుగా కాస్తెల్లీ అను మార్కును నెలకొల్పెను. 1995లో మౌరీత్సియో, మిలాను–సాన్ రేమో పందెపు దారిలోని చిప్రెస్సా కొండపై సైకిలు తొక్కుచునే గుండె ఆగి మరణించెను. తదుపరి ఆ మార్కు ఇటలీలోనే స్పోర్ట్‌ఫుల్ అను ఉడుపులను చేయు క్రెమొనేసే కుటుంబము చేతికి వచ్చినది.

ఆ మార్కు గౌరవము ఇనుమడించిన దినము 2013 మార్చి 17. ఆనాటి మిలాను–సాన్ రేమో పందెమున విపరీతముగ మంచు కురిసెను. పందెమును నడుమ ఆపి, ఆటగాండ్రను బస్సులలో కొంత దూరము తీసికొనిపోయి, మరల సాగింపవలసి వచ్చెను. కాస్తెల్లీ వారు అంతకుముందే ‘గాబ్బా’ అను పొట్టిచేతుల జెర్సీ నొకదానిని చేసియుండిరి. వానకు త్వరగా తడవక, గాలిని ఆపుచు, ఒడలికి హత్తుకొని యుండునట్టిది. ఆనాడు ఇతర జట్లకు చెందిన కొందరు, తమకు ఉడుపులిచ్చు సంస్థలను కాదని గాబ్బాను సంపాదించి, దానిపై గుర్తులను నల్లసిరాతో మాపి ధరించిరి. ప్రకటనకు సొమ్ము తీసికొన్నవాడు పొగడుట వింత కాదు. ప్రకటింపరాదని పేరును మాపి మరీ ధరించుటయే అసలైన యోగ్యతాపత్రము.

ఇక రెండవ కథ. 2004లో లండను నగరమున సైమన్ మాట్రమ్, లూక్ షైబెలర్ అనువారు రాఫా సంస్థను స్థాపించిరి. సాన్ రఫాయెల్ అను పానీయమును చేయువారు పోషించిన పూర్వపు ఫ్రెంచి జట్టు పేరు నుండి ఈ పేరును గ్రహించిరి. అప్పటి సైకిలు జెర్సీలు పోషకుల పేర్లతో, గాఢమైన రంగులతో నిండి, గోడ ప్రకటనల వలె నుండెడివి. రాఫావారు నల్లని జెర్సీకి చేతిపై ఒక తెల్లని పట్టీ మాత్రము పెట్టిరి. గుడ్డ, మెరినో ఉన్నిని పాలియెస్టరుతో జోడించినట్టిది. వెల ఎక్కువ. కాని చిరిగిన ఉడుపులను ఉచితముగా మరమ్మతు చేసి యిచ్చెడివారు. కొన్ని నగరములలో కాఫీ దొరకు దుకాణములు తెరచిరి. కొనువారు సభ్యులుగా ఒక సంఘమును ఏర్పరచిరి. 2013 మొదలు 2016 వరకు స్కై అను ప్రసిద్ధ జట్టునకు ఉడుపులిచ్చిరి. ఆ నాలుగేండ్లలో మూడు మారులు ఆ జట్టువాడు క్రిస్ ఫ్రూమ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచెను.

2017లో ఆ సంస్థను వాల్‌మార్టు స్థాపకుని మనుమలగు స్టూవర్ట్, టామ్ వాల్టనుల పెట్టుబడి సంస్థ కొనినది. వెల సుమారు ఇరువది కోట్ల పౌండ్లని వార్తలు వచ్చినవి. అంత సొమ్ము పెట్టినవారు ఆ సంస్థ శీఘ్రముగా పెరుగవలెనని కోరుట సహజము. కాని ఆ తరువాత సంవత్సరము వెంట సంవత్సరము నష్టములే వచ్చినవి. 2021లో మాట్రమ్ నిర్వహణ బాధ్యత నుండి తప్పుకొనెను. 2024లో, పూర్వము స్కై జట్టు నిర్వాహకవర్గమున పనిచేసిన ఫ్రాన్ మిల్లర్ ఆ బాధ్యత స్వీకరించెను.

కష్టము రాఫా వారికే పరిమితము కాదు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి జనులు ఇండ్లకు పరిమితమైన వేళ, సైకిళ్లకు, వాని ఉడుపులకు అపూర్వమైన గిరాకి ఏర్పడినది. అది శాశ్వతమని నమ్మి సంస్థలు సరకు తెప్పించినవి. 2022 నాటికి గిరాకి తగ్గినది, గిడ్డంగులు నిండినవి. నిలువ సరకును వదిలించుకొనుటకు తగ్గింపు ధరలు ప్రకటించిరి. నూరు రూపాయల వస్తువును డెబ్బదికి అమ్మినచో ఆ ముప్పది రూపాయలు లాభము నుండియే పోవును. గుడ్డవాడును కుట్టువాడును తమ పాళ్లను తగ్గించుకొనరు గదా. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఏటేట తగ్గింపు వచ్చునని తెలిసిన పిదప, కొనువాడు పూర్తి వెలకు కొనక వేచియుండును. నిరుడు పూర్తి వెల యిచ్చినవాడు మోసపోయితినని తలచును.

1882లో స్థాపితమై, దశాబ్దములపాటు పసుపు జెర్సీని తయారుచేసిన ఫ్రెంచి సంస్థ ‘లె కాక్ స్పోర్తీఫ్’ సైతము 2024 నవంబరులో అప్పులు తీర్చలేక న్యాయస్థానపు రక్షణలోనికి పోయి, 2025లో క్రొత్త యజమానుల చేతికి వచ్చినది. ఎంత పాత పేరైనను నిర్వహణ సరిలేనిచో నిలువజాలదు.

సంస్థ లాభనష్టములు వేరు, సరకు గుణము వేరు. అయినను రెంటికి సంబంధము కలదు. గుణము మారుటకు నాకు తోచిన కారణములు మూడు. మొదటిది, పొదుపు. ఖర్చు తగ్గింపదలచినవాడు కంటికి కనిపించు రంగును, గుర్తును ముట్టడు. లోపలి మెత్త, నూలు నాణ్యము, కుట్టు పరీక్ష అను కనబడనివాటిపై చేయి వేయును. కుట్టుపని ఒక దేశము నుండి మరియొక దేశమునకు మారుట మాత్రమే దోషము కాదు. చక్కని యంత్రములు, అనుభవముగల పనివారు, కఠినమైన పరీక్ష ఉన్నచో ఏ దేశమున కుట్టినను మంచి లాగే వచ్చును. రెండవది, తేలికదనము. పందెగాండ్రు గాలిని చీల్చుకొని పోవుటకు నానాటికి పలుచని గుడ్డను కోరుదురు. వారి ఉడుపు ఒక ఋతువు నిలిచిన చాలును. అదే గుడ్డను మనమును కొని, ఐదేండ్లు రాలేదని విచారింతుము. మూడవది, చట్టము. వానను నిలుపు ఉడుపులలో ఫ్లోరిను కలిసిన రసాయనములు వాడెడివారు. అవి నేలలో, నీటిలో నశింపక నిలిచిపోవును. కాలిఫోర్నియా రాష్ట్రము 2025 జనవరి నుండి సాధారణ వస్త్రములలో వాటిని నిషేధించినది. సైకిలు తొక్కువారు మిక్కిలి మెచ్చిన ‘షేక్‌డ్రై’ అను గుడ్డను గోర్ సంస్థ నిలిపివేసినది. క్రొత్త కోటు పాతదాని వలె వానకు ఆగలేదనినచో, అది నేలకు, నీటికి మేలు చేయుటకై మనము చెల్లించు మూల్యమని గ్రహింపవలెను.

ఇప్పుడు నా గోడు. నేను మొదట కొన్న లాగు ఏడేండ్లు మన్నినది. ఆ నమ్మకముతో అదే మార్కున రెండవది కొంటిని. రెండు వేసవులు గడచినంతనే, వెనుక వచ్చుచున్న మిత్రుడొకడు మెల్లగా ప్రక్కకు జరిగి, “అన్నా, ఈ లాగుకు ఇక సెలవిమ్ము, అంతయు కనిపించుచున్నది” అనెను. ఆ సంస్థ పేరు చెప్పను. ఒక్క లాగును బట్టి సంస్థకంతటికి శిక్ష వేయుట న్యాయము కాదు. పైగా దోషములో నా పాలును కలదు. సాగు నూలుకు తీక్ష్ణమైన ఎండ, వేడినీరు, క్లోరిను శత్రువులు. మా పండితులవారు ఆ లాగును చూచినది ఎండలోని దండెముపైననే గదా!

కొనదలచినవారికి నాలుగు మాటలు. లాగును తిరగవేసి లోపల చూడుడు. కుట్టు చదునుగా నున్నదా, మెత్త అంచులు చర్మమునకు ఒరయకుండ పలుచబడినవా? సీటు భాగపు గుడ్డను రెండు చేతులతో సాగదీసి వెలుతురునకు పట్టుడు. క్రొత్తదానిలోనే వెలుతురు ధారాళముగా కనిపించినచో మానుడు. తప్పక తొడిగి, వంగి చూడుడు. చిరిగినచో మరమ్మతు చేయుదురా, ఎన్నినాళ్ల వరకు, అని అడుగుడు. తెచ్చుకొన్న పిమ్మట చల్లని నీటిలో, తక్కువ సబ్బుతో ఉతికి, నీడపట్టున ఆరవేయుడు.

మొన్న పండితులవారికి జవాబు చెప్పితిని: “జరీ లేదండీ. మొదటి లాగులో పనితనము కొంటిని, రెండవదానిలో మొదటిదాని జ్ఞాపకమును కొంటిని.” వారు తల పంకించి, “అయిన మూడవది కొనునప్పుడు పేరును చేతితో మూసి గుడ్డను చూడు నాయనా” అనిరి. మూడవ లాగు ఇంకను కొనలేదు. కొన్ననాడు ఆ మాట పాటింతును. ఆరవేయుటకు మాత్రము దండెమును వసారాలోనికి మార్చితిని.