మీకు తెలుసా? చీకట్లో ఫిల్మును ‘పుష్’ చేస్తే...

శృంగవరపుకోట దాటి కొత్తవలస–కిరండూల్ రైలు అనంతగిరి కొండలెక్కుతుంటే సొరంగాలు, ఆపై బొర్రా గుహలు. అలాంటి మసక వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫొటో తీసేందుకు ఫిల్ము ఫొటోగ్రాఫర్లకు అండ ‘పుష్ ప్రాసెసింగ్’.

• 400 ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే వేగం) ఫిల్మును 1600గా లెక్కగట్టి తీస్తారు. అంటే అందే వెలుతురు నాలుగో వంతే.

• ఆ లోటు పూడ్చడానికి డెవలపర్‌ రసాయనంలో ఎక్కువసేపు ఉంచుతారు.

• వెలుగు పడ్డచోట ఫిల్ములోని వెండి మరింత పేరుకుంటుంది. నీడల్లో నమోదుకాని వివరాలు మాత్రం తిరిగిరావు. అందుకే నలుపు తెలుపుల తేడా, గ్రెయిన్ (గరుకుదనం) పెరుగుతాయి.

• రీలంతా ఒకేసారి కడుగుతారు కాబట్టి అన్ని ఫొటోలూ ఒకే ఐఎస్ఓతో తీయాలి.

• 1954లో 35 ఎంఎం రీళ్లుగా వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ దీనికి పేరుపొందింది. ఆ గరుకుదనం లోపం కాదు, నలుపు తెలుపు వార్తా చిత్రాలకు ప్రాణం పోసిన అందం!