పుల్ల ఊదారంగుకు తిరిగితే పొట్ట తగ్గినట్టేనా?

అన్నం మానేస్తే బరువు తగ్గడం నిజం. అందులో కీటోసిస్ వాటా ఎంత?

మెడికల్ షాపులో చిన్న డబ్బాలో దొరుకుతాయి, సన్నటి ప్లాస్టిక్ పుల్లలు. మూత్రంలో ముంచి, పదిహేను సెకన్లు ఆగి, డబ్బా మీదున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. కొస లేత గోధుమరంగులోనే ఉంటే కీటోన్లు, అంటే శరీరం కొవ్వును ఇంధనంగా వాడినప్పుడు పుట్టే పదార్థాలు, లేనట్టు. ఊదారంగుకు తిరిగితే ఉన్నట్టు; ఆ స్థితినే కీటోసిస్ అంటారు. అసలు ఇవి మధుమేహ రోగుల కోసం తయారైనవి. వాటిని బరువు తగ్గాలనుకునేవాళ్ల స్నానాల గదుల్లోకి తెచ్చిన ఘనత న్యూయార్క్ గుండె వైద్యుడు రాబర్ట్ అట్కిన్స్‌ది. 1972లో వచ్చిన తన పుస్తకంలో ఆయన పుల్ల రంగు చూసుకోమన్నారు. రంగు మారిందంటే కొవ్వు కరుగుతోందన్నమాటే అని పాఠకులకు భరోసా ఇచ్చారు. ఆ భరోసా ఇప్పటికీ చెలామణీలో ఉంది. ‘కీటోసిస్‌లోకి వెళ్లావా?’ అన్న ప్రశ్న వాకింగ్ ట్రాకుల మీద కూడా వినిపిస్తోంది.

వెళ్లకపోతే? కార్బ్స్ (పిండిపదార్థాలు) తగ్గించినా పుల్ల రంగు మారకపోతే కష్టమంతా వృథాయేనా?

ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు వెతికిన పరిశోధన పత్రం ఒకటుంది. 2006లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్’లో వచ్చింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన కరోల్ జాన్‌స్టన్ బృందం రాసింది. సాధారణంగా ఇలాంటి పత్రాల శీర్షికలు నసుగుతాయి. దీని శీర్షిక మాత్రం తీర్పు చెప్పేసింది: కీటోసిస్ ఉన్న లో-కార్బ్ ఆహారానికి, కీటోసిస్ లేని లో-కార్బ్ ఆహారం కంటే అదనపు ప్రయోజనమేమీ లేదని.

చేసింది చిన్న ప్రయోగమే. స్థూలకాయం ఉన్న 20 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. ఆరు వారాలు రెండు జట్లకూ సమానంగా కేలరీలు తగ్గించారు, మాంసకృత్తులు ఇంచుమించు సమానంగా ఇచ్చారు. మొదటి జట్టుకు కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచి, పిండిపదార్థాలు 5 శాతంతో మొదలు. రెండో జట్టుకు కొవ్వు 30 శాతం, పిండిపదార్థాలు 40 శాతం. రోజుకు 1,500 కేలరీలు తినే మనిషికి ఈ 40 శాతం అంటే 150 గ్రాముల పిండిపదార్థం. మన లెక్కలో అరకిలో పైచిలుకు వండిన అన్నం. దీన్ని లో-కార్బ్ అనడమేమిటని కీటో అభిమానులు అడుగుతారు, న్యాయమే. కానీ కీటోసిస్‌కు ప్రత్యేకంగా ఏదైనా మహిమ ఉంటే అది బయటపడాల్సిందీ ఇలాంటి పోటీలోనే.

రెండో వారానికి కీటో జట్టు రక్తంలో బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ అనే కీటోన్, అవతలి జట్టుకు 3.6 రెట్లు ఉంది. అంటే నియమం బాగానే పాటించారు. ఆరు వారాలయ్యాక తూకం చూస్తే కీటో జట్టు సగటున 6.3 కిలోలు, కీటో కాని జట్టు 7.2 కిలోలు తగ్గారు. ఒంటి కొవ్వు వరసగా 3.4, 5.5 కిలోలు తగ్గింది. జట్లు చిన్నవి కాబట్టి ఈ తేడాలకు గణాంక శాస్త్రం విలువ ఇవ్వదు. రెండో జట్టే గెలిచిందనడానికి వీల్లేదు. మొదటి జట్టు గెలవలేదన్నది మాత్రం ఖాయం. పైగా రక్తంలో కీటోన్లు ఎక్కువున్నవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా కనిపించింది. బరువు తగ్గడానికి కీటో ఆహారం వాడాల్సిన అవసరం లేదని పత్రం ముగించింది.

ఇక్కడొక తమాషా. రచయితల జాబితాలో చివరి పేరు బ్యారీ సియర్స్. 1995లో ‘ది జోన్’ పుస్తకం రాసి 40-30-30 (పిండిపదార్థాలు-మాంసకృత్తులు-కొవ్వు) సూత్రాన్ని ప్రచారం చేసింది ఈయనే. రెండో జట్టుకు పెట్టిన భోజనం అచ్చంగా ఆ పాళ్లలోనే ఉంది! ఒక డైట్‌ను రూపొందించిన మనిషి, దాన్ని ఎదుటి డైట్‌తో పోటీకి దించిన పత్రంలో సంతకం చేశాడంటే పాఠకుడు కాస్త కళ్లు చికిలించి చదవడమే మంచిది. అంతమాత్రాన అంకెలు అబద్ధమైపోవు. ఈ అంకెలను వేరేవాళ్లు, అందులోనూ అవతలి పక్షం డబ్బుతో, సరిచూశారా అన్నదే అడగాలి.

సరిచూశారు. కార్బ్ వ్యతిరేక వాదానికి పెద్ద గొంతుక అయిన జర్నలిస్టు గ్యారీ టాబ్స్, వైద్యుడు పీటర్ అటియా కలిసి స్థాపించిన సంస్థ నిధులతో పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 17 మంది మగవాళ్లను ఎనిమిది వారాలు పరిశోధన వార్డుల్లో ఉంచింది. సగం కాలం మామూలు ఆహారం, సగం కాలం అన్నే కేలరీల కీటో. 2016లో ఫలితాలొచ్చాయి. కీటోకు మారాక శరీరం రోజుకు ఖర్చుపెట్టే శక్తి గదిలో కొలిస్తే 57 కేలరీల మేర పెరిగింది. సగం అరటిపండు పాటి. కొవ్వు కరగడం ఊపందుకోలేదు సరికదా, నెమ్మదించింది. మామూలు ఆహారం చివరి 15 రోజుల్లో పోయిన అరకిలో కొవ్వు, కీటోలో పోవడానికి మొత్తం 28 రోజులు పట్టింది.

ఎందుకిలా? కీటోసిస్ అంటే శరీరం కొవ్వును ఇంధనంగా వాడుతోందని అర్థం. ఎక్కడి కొవ్వు అన్నది వేరే సంగతి. పొగ కనిపిస్తే పొయ్యి వెలిగిందని తెలుస్తుంది; మండుతున్నది ఇంటి దూలమా, అప్పుడే కొనుక్కొచ్చిన కట్టెలా అన్నది పొగ చెప్పదు. గ్లాసు నెయ్యి తాగినవాడి పుల్ల కూడా ఊదారంగుకు తిరగొచ్చు. అతని నడుము చుట్టుకొలత అలాగే ఉండొచ్చు. మొదటి వారంలో తగ్గే రెండు కిలోల సంబరం కూడా చాలావరకు నీళ్లే: కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ ఖర్చవుతుంటే, దాన్ని అంటిపెట్టుకున్న మూడింతల నీరూ వెళ్లిపోతుంది.

చరిత్ర గబగబా చెప్పుకుంటే: 1863లో లండన్‌లో అంత్యక్రియల వ్యాపారి విలియం బాంటింగ్ రొట్టె, పంచదార, బంగాళదుంప మానేసి బరువు తగ్గి చిన్న పుస్తకం వేశాడు, 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం ‘కీటోజెనిక్’ ఆహారం ప్రతిపాదించాడు, 1972లో అట్కిన్స్ ఆ రెంటినీ ఒకచోటికి చేర్చాడు, మరుసటేడే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆయన మీద విరుచుకుపడింది. తెలుగునాట 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్‌తో కొబ్బరి నూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు ఇంటింటి మాటలయ్యాయి. భారతీయుల కేలరీల్లో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చెబుతోంది. అలాంటి కంచంలోంచి అన్నం, ఇడ్లీ, పంచదార తీసేస్తే కీటోన్లు పుట్టినా పుట్టకపోయినా మనిషి తగ్గడంలో వింతేముంది?

కీటోసిస్‌ పక్షాన గట్టిగా నిలబడే వాదం ఒకటే: ఆకలి. మెల్‌బోర్న్‌లో 39 మంది ఎనిమిది వారాలు అతి తక్కువ కేలరీల కీటో ఆహారంతో 13 శాతం బరువు తగ్గారు. బరువు తగ్గితే ఆకలి హార్మోను గ్రెలిన్ పెరగాలి. కీటోసిస్‌లో ఉన్నంతకాలం పెరగలేదు. మామూలు తిండికి మారగానే పెరిగింది. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే 2021లో హాల్ బృందమే 20 మందిని ‘కడుపునిండా తినండి’ అని వదిలేస్తే, కీటో భోజనం కంటే కొవ్వు తక్కువ శాకాహారం మీద ఉన్నప్పుడు రోజుకు 689 కేలరీలు తక్కువ తిన్నారు. కీటో మీద ఉన్నవాళ్లు కూడా రెండో వారానికి తిండి తగ్గించారు. ఆకలిని అణచే దారి కీటోసిస్ కావచ్చు, ఏకైక దారి మాత్రం కాదు.

ఇళ్లలో, పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో బతికే మనుషుల సంగతికొస్తే స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో ఏడాది నడిచిన ప్రయోగం ఉంది. లో-కార్బ్ జట్టును మొదట్లో రోజుకు 20 గ్రాములకు దించమన్నారు. ఏడాది చివరికి వాళ్ల కేలరీల్లో పిండిపదార్థాలు మళ్లీ 30 శాతానికి చేరాయి. ఆ మోతాదులో కీటోసిస్ ఆశించలేం. అయినా సగటున 6 కిలోలు తగ్గారు. కొవ్వు తగ్గించిన జట్టు 5.3 కిలోలు.

పుల్ల చెప్పని సంగతి

మూత్రపు పుల్ల పట్టుకునేది అసిటోఅసిటేట్‌ను. రక్తంలో ఎక్కువగా ఉండే బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను అది చూడలేదు. నాలుగు లీటర్ల నీళ్లు తాగితే మూత్రం పలచబడి రంగు వెలిసిపోతుంది, కీటోసిస్ అలాగే ఉన్నా సరే.

ఈ మాత్రలు వేసుకుంటున్నారా?

షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవాళ్లు కీటో మొదలుపెట్టే ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ మందులతో షుగర్ మరీ పెరగకుండానే కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమయం కావడం) రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరించింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్లూకోమీటర్ అంకె మామూలుగా ఉందని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మోతాదు మార్చకుండా అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.