నిద్రలో తడిసే పక్క

మా లాబ్రడార్ గౌరికి తొమ్మిదేళ్లు. మెలకువగా ఉంటే గేటు దగ్గరికెళ్లి అడిగి మరీ బయటికి పోతుంది. గాఢంగా నిద్రపోతే మాత్రం కింద పరిచిన బొంత తడిసిపోతుంది. లేచి, చెవులు వెనక్కి వాల్చి, ఆ తడిని నాకుతుంది. దాన్ని కసరడం అన్యాయం. తెలిసి చేసే పని కాదది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్కల్లో, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, ఇది ఎక్కువ. ఈస్ట్రోజెన్ తగ్గాక మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరం పట్టు సడలుతుంది. ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కూడా మొదలవచ్చు.

అయితే ఇదే కారణమని ఇంట్లోనే తేల్చేయకండి. ఇన్‌ఫెక్షన్, రాళ్లు, షుగర్, కిడ్నీ జబ్బు కూడా ఇలా బయటపడొచ్చు. మా డాక్టరుగారు ముందు మూత్రం, రక్తం పరీక్ష చేయించారు. నీళ్లు ఎక్కువ తాగుతోందా అని గుచ్చి గుచ్చి అడిగారు. కండరం సమస్యేనని తేలితే ఫినైల్‌ప్రొపనాలమైన్ గానీ ఈస్ట్రియాల్ గానీ ఇస్తారు. మొదటిది బీపీ పెంచగలదు, గుండెజబ్బున్న కుక్కలకు జాగ్రత్త. చాలా కుక్కలకు మందుతో బాగా తగ్గుతుంది, కానీ తరచు జీవితాంతం వాడాల్సి వస్తుంది.

నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ తీసేయొద్దు. నేను రాత్రి పడుకునే ముందు గౌరిని ఓసారి బయట తిప్పుతాను. బొంత మీద రబ్బరుషీటు, దానిపైన పాత నూలు చీర. తడిస్తే తొడలు గోరువెచ్చని నీళ్లతో కడిగి పొడిగా తుడుస్తాను, లేకపోతే చర్మం ఎర్రబడి పుండ్లు పడతాయి.