హెచ్చరిక ఫైలులో విలువ తప్పిపోతే

2023లో దేశంలో చాలామంది సెల్‌ఫోన్లు ఉన్నట్టుండి పెద్ద శబ్దంతో మోగాయి. తెరమీద కనిపించింది కేంద్ర టెలికాం శాఖ పంపిన నమూనా సందేశం. ఇది పరీక్ష మాత్రమే, మీరేమీ చేయనక్కర్లేదు అన్నది దాని సారాంశం. తుఫానో వరదో ముంచుకొచ్చినప్పుడు ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి కబురు చేరవేసే సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని అప్పుడు పరీక్షించారు. జనం ఉలిక్కిపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు, ఆపైన మరిచిపోయారు.

ఫోను మోగడానికి ముందు తెరవెనుక ఒక పని జరుగుతుంది. హెచ్చరిక ఒక ఫైలు రూపంలో వస్తుంది. ఎక్కడ, ఎప్పటిదాకా, ఎంత తీవ్రంగా అన్న వివరాలను ఒక ప్రోగ్రాం అందులోంచి ఏరుకోవాలి. వాటిని మరో వ్యవస్థకు అర్థమయ్యే రూపంలోకి మార్చి అందించాలి. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, పన్నుల శాఖలో రోజూ జరిగే డేటా అనుసంధానం కూడా ఇలాంటిదే. కాకపోతే అక్కడ ఒక విలువ తప్పిపోతే లెక్క తేడా వస్తుంది. ఇక్కడ తప్పిపోతే ఒక ఊరికి కబురు అందదు.

మన దేశంలో హెచ్చరికలు చాలా చోట్ల పుడతాయి. తుఫాను, పిడుగుల సంగతి భారత వాతావరణ శాఖ చూస్తుంది. నదుల వరద కేంద్ర జల సంఘానిది. సునామీ, సముద్ర అలల సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి వస్తుంది. వీటన్నిటినీ ఒకే దారిలోకి తెచ్చేందుకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం సీ-డాట్ రూపొందించిన వేదిక పేరు ‘సచేత్’. ఇన్ని సంస్థలు ఒకే భాషలో మాట్లాడాలంటే ఉమ్మడి నమూనా కావాలి. ఆ నమూనానే కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, పొట్టిగా క్యాప్. దీని మొదటి రూపాన్ని 2004లో ఓయాసిస్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. ఇప్పుడు వాడుతున్న 1.2 రూపం 2010లో వచ్చింది. క్యాప్ సందేశం రాసే లిపి ఎక్స్‌ఎంఎల్.

ఎక్స్‌ఎంఎల్‌ను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా ప్రకటించింది. దాని కిటుకు చాలా సులువైనది. ప్రతి విలువకూ ముందూ వెనకా ఒక పేరు తగిలిస్తాం. ఆ పేర్లు ఒకదానిలో ఒకటి ఇమిడి చెట్టులా కొమ్మలు వేస్తాయి. ఈ పేర్లను ట్యాగులంటారు. క్యాప్ ట్యాగులు ఇంగ్లీషులో ఉంటాయి కానీ, ట్యాగు పేరు తెలుగులో ఉన్నా ఎక్స్‌ఎంఎల్‌కు అభ్యంతరం లేదు. కాబట్టి కింది ఊహాత్మక సందేశాన్ని తెలుగు ట్యాగులతోనే కుదించి రాస్తున్నాను.

<హెచ్చరిక>
  <స్థితి>పరీక్ష</స్థితి>
  <సమాచారం>
    <భాష>ఇంగ్లీషు</భాష>
    <సంఘటన>సైక్లోన్</సంఘటన>
  </సమాచారం>
  <సమాచారం>
    <భాష>తెలుగు</భాష>
    <సంఘటన>తుఫాను</సంఘటన>
    <ప్రాంతం><పేరు>శ్రీకాకుళం</పేరు></ప్రాంతం>
    <ప్రాంతం><పేరు>విజయనగరం</పేరు></ప్రాంతం>
  </సమాచారం>
</హెచ్చరిక>

ఇందులోంచి ప్రాంతం పేరు తీయమంటే కొత్తగా ప్రోగ్రాములు రాసేవారు తరచూ చేసే పని ఒకటుంది. ‘పేరు’ అన్న ట్యాగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో అక్షరాల్లో వెతికి, మధ్యలోది కత్తిరించేస్తారు. చేతిలో ఉన్న నమూనా ఫైలు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. పంపేవారు ఒకరోజు ట్యాగులో మరో గుణం చేరిస్తేనో, విలువను రెండు వరుసల్లో రాస్తేనో, అదే పేరు మరో కొమ్మ మీద కూడా వస్తేనో కత్తెర తప్పుతుంది. పంపినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఎక్స్‌ఎంఎల్ నియమాల ప్రకారం ఆ మార్పులన్నీ సరైనవే.

అందుకే ముందు పార్సర్ అనే సాధనంతో ఫైలును చెట్టుగా మార్చుకోవాలి. తర్వాత కొమ్మల దారి చెప్పి విలువను అడగాలి. ఈ దారి చెప్పే భాష పేరు ఎక్స్‌పాత్. ఇది 1999 నుంచి ఉంది. పై సందేశంలో తెలుగు భాగంలోని ప్రాంతాల పేర్లు కావాలంటే ఇలా అడుగుతాం:

/హెచ్చరిక/సమాచారం[భాష='తెలుగు']/ప్రాంతం/పేరు

హెచ్చరికలోకి వెళ్లు, అందులో భాష తెలుగు అయిన సమాచారం కొమ్మ పట్టుకో, దాని కింద ఉన్న ప్రాంతాలన్నిటి పేర్లూ తీసుకురా అని దీని అర్థం. చదరపు కుండలీకరణంలో ఉన్న షరతే ఇక్కడ కీలకం. దాని బదులు ‘మొదటి సమాచారం’ అని అడిగితే ఇంగ్లీషు ముక్క వస్తుంది. పంపే సంస్థ రేపు మధ్యలో హిందీ చేరిస్తే ‘రెండోది’ అని అడిగిన ప్రోగ్రాం హిందీని తెచ్చి శ్రీకాకుళం జాలరికి పంపుతుంది. విలువను దాని స్థానాన్ని బట్టి కాక గుర్తును బట్టి అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. క్యాప్‌లో మరో చిక్కు కూడా ఉంది. భాష ట్యాగు ఐచ్ఛికం. అది లేకపోతే సందేశం అమెరికన్ ఇంగ్లీషులో ఉందని అనుకోవాలని నియమం. తెలుగులో రాసి భాష పేర్కొనడం మరిస్తే, నియమం ప్రకారం అది ఇంగ్లీషే!

రెండో తప్పు ఇంకా తరచుగా జరుగుతుంది. చాలా సాధనాల్లో ‘ఒక విలువ ఇవ్వు’ అనే ఆదేశం మొదట దొరికినదాన్ని ఇచ్చి ఊరుకుంటుంది. క్యాప్ సందేశంలో ఒక సమాచారం కింద ఎన్ని ప్రాంతాలైనా ఉండొచ్చు. ఒక్కో ప్రాంతం కింద ఎన్ని సరిహద్దు గీతలైనా ఉండొచ్చు. పై ఉదాహరణలో అలాంటి ఆదేశం శ్రీకాకుళాన్ని తెస్తుంది, విజయనగరాన్ని వదిలేస్తుంది. ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాలు రావు. ఒక జిల్లా మాత్రం జాబితాలోంచి జారిపోతుంది.

ఇంటిపేరు గొడవ

ఎక్స్‌ఎంఎల్‌తో పనిచేసేవారిని అందరికన్నా ఎక్కువగా ఏడిపించేది నేమ్‌స్పేస్. మన ఊళ్లలో ఒకే పేరున్నవారు నలుగురుంటే ఇంటిపేరుతో గుర్తుపడతాం. ట్యాగులకూ అలాంటి ఇంటిపేరు ఉంటుంది. ‘ప్రాంతం’ అనే ట్యాగు పటాల ఫైలులోనూ ఉండొచ్చు, జనాభా లెక్కల ఫైలులోనూ ఉండొచ్చు. ఈ ‘ప్రాంతం’ క్యాప్ కుటుంబానిదని చెప్పేదే నేమ్‌స్పేస్. చాలా ఫైళ్లలో దీన్ని మొదటి ట్యాగులో ఒక్కసారి ప్రకటిస్తే లోపలి ట్యాగులన్నిటికీ వర్తిస్తుంది. దాంతో లోపలి ట్యాగులు చూడ్డానికి ఇంటిపేరు లేనట్టే కనిపిస్తాయి.

ఎక్స్‌పాత్ మొదటి రూపంలో వట్టి పేరుతో అడిగితే దానర్థం ‘ఏ ఇంటిపేరైనా సరే’ అని కాదు, ‘ఇంటిపేరే లేనివాడు కావాలి’ అని. క్యాప్ ఫైలులో అలాంటివారెవరూ ఉండరు. కాబట్టి కంటికి కళ్లెదుటే కనిపిస్తున్న ట్యాగు ప్రోగ్రాముకు దొరకదు. సమాధానం ఖాళీ. పైగా క్యాప్ 1.1కు ఒక ఇంటిపేరు, 1.2కు మరొకటి. ఒకదానికి రాసిన దారి రెండోదాని మీద పనిచేయదు. అక్కడా ఖాళీనే.

అసలు ప్రమాదం ఈ ఖాళీలో ఉంది. ‘ప్రాంతాలు: సున్నా’ అన్న సమాధానాన్ని తర్వాతి వ్యవస్థ ‘ఎవరికీ ప్రమాదం లేదు’ అని చదువుకుంటే అడిగేవారెవరు? క్యాప్ తీవ్రతకు ‘తెలియదు’ అన్న విలువను కూడా కేటాయించింది. సంస్థ ‘తెలియదు’ అని చెప్పడం ఒకటి. ట్యాగు ఉండి లోపల ఏమీ లేకపోవడం ఇంకొకటి. మన దారి తప్పుడుది కావడం వల్ల ట్యాగు దొరక్కపోవడం మూడోది. పట్టికలోకి చేరేసరికి మూడూ ఒకే ఖాళీ గడిగా మారితే, తర్వాత వాటిని విడదీసే మార్గం ఉండదు.

విశాఖ ఉత్తర ధ్రువానికి చేరితే

విలువ సరిగ్గానే వచ్చినా దాని అర్థం మారిపోయే సందర్భాలు రెండున్నాయి. భౌతికశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు ఇవి మరీ ఆసక్తిగా అనిపిస్తాయి. రెండూ కొలత ప్రమాణాలకు సంబంధించినవే.

మొదటిది స్థలం. క్యాప్‌లో ప్రమాద ప్రాంతాన్ని బిందువుల గొలుసుగా రాస్తారు. ప్రతి బిందువుకూ ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. మొదటి బిందువే మళ్లీ చివర వచ్చి గొలుసు మూసుకోవాలి. వెబ్ పటాల్లో విరివిగా వాడే జియోజేసన్ అనే నమూనాలో క్రమం తలకిందులు. అక్కడ ముందు రేఖాంశం రాయాలి. ఒకదాన్నించి మరోదానికి మార్చేటప్పుడు అంకెలను తిప్పి రాయడం మరిస్తే ఏమవుతుంది?

గువాహటి రేఖాంశం సుమారు 91.7 డిగ్రీలు. దాన్ని అక్షాంశంగా చదివితే వ్యవస్థ వెంటనే అడ్డుపడుతుంది, ఎందుకంటే అక్షాంశం 90 దాటదు. తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. విశాఖపట్నం దగ్గర ఆ అదృష్టం లేదు. అది సుమారు 17.7 డిగ్రీల అక్షాంశం, 83.3 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. తిప్పి చదివితే 83.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, అంటే ఆర్కిటిక్ మహాసముద్రం. అంకెలు చెల్లుబాటవుతాయి, తనిఖీ దాటిపోతాయి. తుఫాను హెచ్చరిక మంచు సముద్రం మీదికి వెళుతుంది. హైదరాబాద్‌ను (17.4, 78.5) అలాగే తిప్పితే నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం ‘హిమాద్రి’ ఉన్నది కూడా ఆ దీవుల్లోనే. అక్కడి శాస్త్రవేత్తలకు మూసీ వరద కబురు అందితే ఆశ్చర్యపోతారేమో!

దీనికి మందు కష్టమైనది కాదు. బయటకు తీసిన ప్రతి బిందువూ భారతదేశం, దాని చుట్టూ ఉన్న సముద్రాల పరిధిలో ఉందో లేదో చూసే ఒక్క షరతు చాలు. ఫైలు నిర్మాణాన్ని పరీక్షించే స్కీమా అనే సాధనం ట్యాగులు ఉన్నాయా, సరైన వరుసలో ఉన్నాయా అన్నది చూస్తుంది. విశాఖ ఎక్కడుందో దానికి తెలియదు. ఆ లోకజ్ఞానం మనమే రాసి పెట్టాలి.

రెండోది కాలం. క్యాప్‌లో ప్రతి సమయం చివరా అంతర్జాతీయ సమయంతో తేడా రాయాలి. మన సమయానికి అది +05:30. పంపినవారు గడువును అంతర్జాతీయ సమయంలో ‘12:00, తేడా -00:00’ అని రాశారనుకుందాం. అది మనకు సాయంత్రం 5:30. విలువ తీసే ప్రోగ్రాం చివరి ముక్కను కత్తిరించి 12:00 మాత్రమే ఉంచుకుంటే, మధ్యాహ్నం 2:30కు వచ్చిన పిడుగుల హెచ్చరిక గడువు తీరిపోయినట్టు కనిపిస్తుంది. వ్యవస్థ దాన్ని పక్కన పడేస్తుంది. పిడుగుల హెచ్చరికలు మామూలుగా మూడు గంటల వ్యవధికి ఇస్తారు. అలాంటి చోట ఐదున్నర గంటల తేడా అంటే మొత్తం హెచ్చరికే పోయినట్టు.

తెలుగు వచనానికి సంబంధించిన ఒక చిన్న చిక్కు కూడా చెప్పుకోవాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి కావాలి. ‘తుఫాను’ అన్న మాట 18 బైట్లు. ఎక్స్‌ఎంఎల్ దాన్ని భద్రంగానే మోస్తుంది. కానీ బయటకు తీసిన విలువను ‘100 బైట్ల దగ్గర కోసెయ్యి’ అని ఎవరైనా రాస్తే, కోత అక్షరం మధ్యలో పడి చివర పిచ్చి గుర్తు మిగులుతుంది. ఎస్సెమ్మెస్‌లోనూ ఇంతే. ఒక సందేశంలో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే తెలుగువి 70 మాత్రమే. కోత ‘సముద్రంలోకి వెళ్ల’ దగ్గర పడిందనుకోండి. వెళ్లమన్నారా, వద్దన్నారా?

పరీక్షా, నిజమా

మొదట చెప్పిన నమూనా సందేశం సంగతికి వస్తే, నిజమైన హెచ్చరికకూ పరీక్షకూ తేడా ఒకే ఒక్క ట్యాగులో ఉంటుంది. అదే ‘స్థితి’. వాస్తవం, కసరత్తు, పరీక్ష, ముసాయిదా లాంటి కొన్ని విలువలే అందులో ఉండొచ్చు. మిగతా ట్యాగులన్నీ ఒకేలా ఉంటాయి. ప్రాంతం, గడువు, తీవ్రత మాత్రమే ఏరుకుని స్థితిని వదిలేసిన ప్రోగ్రాం కసరత్తును నిజం చేసి పంపగలదు. అలాంటి సందేశం ఎంత కలవరం రేపుతుందో 2018 జనవరి 13న హవాయి చూసింది. క్షిపణి వస్తోందన్న హెచ్చరిక అక్కడి ఫోన్లకు వెళ్లింది. అది తప్పని చెప్పే రెండో సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. అక్కడ పొరపాటు మనిషిది, ఫైలుది కాదు. అయినా కసరత్తు హద్దు దాటితే ఏమవుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

‘రకం’ అనే ట్యాగు కూడా ఇంతే ముఖ్యం. వచ్చింది కొత్త హెచ్చరికా, పాతదానికి సవరణా, రద్దా అన్నది అదే చెబుతుంది. ఏ పాత సందేశాన్ని ఉద్దేశించిందో మరో ట్యాగులో ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చదవకపోతే తుఫాను దారి మారి ఒక జిల్లాకు ముప్పు తప్పినా పాత హెచ్చరిక తెరమీద వేలాడుతూనే ఉంటుంది. ఇలాంటివి రెండు మూడు జరిగితే జనం తర్వాతి హెచ్చరికను నమ్మరు.

ఇన్ని చిక్కులున్న ఎక్స్‌ఎంఎల్ ఎందుకు, తేలికైన జేసన్ వాడొచ్చు కదా అని కుర్ర ఇంజినీర్లు అడుగుతుంటారు. చిన్న చిన్న యాప్‌లకు జేసనే హాయి. కానీ నిర్మాణాన్ని కచ్చితంగా తనిఖీ చేయడానికి, సందేశం మీద డిజిటల్ సంతకం పెట్టడానికి ఎక్స్‌ఎంఎల్‌లో స్థిరపడిన పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ప్రపంచంలోని హెచ్చరిక వ్యవస్థలు దాని మీద అల్లుకుని ఉన్నాయి. పైగా పై తప్పుల్లో నేమ్‌స్పేస్ తప్ప మిగతావన్నీ జేసన్‌లోనూ జరుగుతాయి.

వీటిని పట్టుకునేందుకు నాకు బాగా నచ్చిన ఉపాయం లెక్కపెట్టడం. ఫైలులో ప్రాంతం ట్యాగులు ఎన్ని ఉన్నాయో పార్సర్‌తో వేరుగా లెక్కించాలి. పట్టికలోకి ఎన్ని వరుసలు చేరాయో చూడాలి. ఏడుంటే ఏడూ రావాలి. ఆరు వచ్చినా, సున్నా వచ్చినా ఆ ఫైలును మామూలు దారిలో ముందుకు పోనివ్వకుండా పక్కన పెట్టి, రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి వెంటనే ఫోను వెళ్లేలా చేయాలి. ఆ మనిషి ఫైలు తెరిచి, తప్పిపోయిన ఏడో ప్రాంతం పేరు కళ్లతో చదివి, ఆ జిల్లాకు కబురు పంపగలడు.