స్తనశస్త్రచికిత్సయు తోడిస్త్రీల యాదరణయు

మన గృహములలో కొన్ని వ్యాధులను గూర్చి అందఱును మాటాడుకొందురు; కొన్నింటిని గూర్చి ఎవరును మాటాడరు. జ్వరము వచ్చినదన్న వీధివారందఱును వచ్చి పలుకరింతురు. కాలు విఱిగినదన్న బంధువులు పండ్లు తెచ్చి మంచముకడ కూర్చుందురు. రొమ్మున గడ్డ కనిపించిన స్త్రీ మాత్రము ఆ సంగతి కన్నతల్లితో చెప్పుటకును సంకోచించును. శస్త్రచికిత్స జరిగిన తరువాతనైనను "కడుపునకు ఆపరేషను చేసిరి" అని యిరుగుపొరుగువారికి చెప్పు కుటుంబములు కలవు. మా పినతల్లి కుమార్తె విషయమున మేమును అట్లే చెప్పితిమి. ఆ తప్పును తెలిసికొన్న పిమ్మట ఈ వ్యాసము వ్రాయుట మా విధియని తోచినది.

పూర్వము మనవారు రాచపుండనుచుండిన ఈ క్యాన్సరు నేడు అపరిచితమైన వ్యాధి కాదు. భారతదేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరే అధికము. పాశ్చాత్యదేశములలోకంటె మన దేశమున ఇది సుమారు పది సంవత్సరములు చిన్న వయస్సుననే కనిపించుచున్నది. అనగా పిల్లలింకను చదువుకొనుచుండగా, ఇంటిభార మంతయు స్త్రీపై నున్న దినములలోనే వచ్చుచున్నదన్నమాట. కొందఱికి గడ్డను మాత్రము తీసిన చాలును. కొందఱికి రొమ్మంతయు తీయవలసివచ్చును. అట్లు తీసిన చోట రొమ్ము నాకృతిని మరల నిర్మించు విద్య నేడు బాగుగా వృద్ధి చెందినది. దీనినే స్తనపునర్నిర్మాణ మందురు.

వైద్యుడు తాను చేయవలసిన పని చేయును. పిదప ఇంటికి వచ్చిన స్త్రీకి కలుగు సందేహములు వేఱు. వానిలో సగము పురుషవైద్యుని అడుగుటకు నోరు రాదు. మిగిలిన సగమునకు ఆయనయొద్ద సమాధాన ముండదు. ఆ సమాధానములు, ఆ త్రోవను ముందు నడచిన స్త్రీయొద్ద నున్నవి.

ఒక స్త్రీ ప్రారంభించిన పని

పందొమ్మిదవ శతాబ్దము చివరి దశాబ్దములలో అమెరికాయందు హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు రొమ్ముతోపాటు దాని క్రింది ఛాతీకండరములను, చంకలోని గ్రంథులను గూడ తొలగించు పద్ధతిని ప్రచారము చేసెను. సుమారు డెబ్బది, ఎనుబది సంవత్సరములు అదియే ప్రధానచికిత్సగా నిలిచినది. ఆ చికిత్స పొందిన స్త్రీలలో అనేకులు చేయి పైకెత్తలేక, జడ అల్లుకొనలేక, తమకేమి జరిగినదో బంధువులకును చెప్పుకొనలేక కాలము గడపిరి.

1952వ సంవత్సరమున న్యూయార్కు వాస్తవ్యురాలగు టెరీస్ లాసర్ అను నామెకు ఈ శస్త్రచికిత్స జరిగినది. చేయి ఎప్పటికి లేచును? ఏ వ్యాయామము చేయవలెను? ఏ వస్త్రము ధరింపవలెను? భర్తతో నెట్లుండవలెను? ఈ ప్రశ్నలకు ఆమెకు ఎవరును సరియైన బదులు చెప్పలేదు. ఆమె తానే అన్వేషించి వానికి బదులు కనుగొని, అంతటితో నూరకుండక, ఆస్పత్రులలో నున్న ఇతర స్త్రీల మంచములకడకు పోజొచ్చెను. చేతిలో పిసుకుటకొక రబ్బరుబంతి, తలుపుపై వేసి చేయి పైకి లాగుకొనుటకొక త్రాడు, రవికలో పెట్టుకొనుటకొక మెత్తని తాత్కాలికపు రొమ్ము ఆమె తీసికొనిపోవు కానుకలు. వైద్యులు కొందఱు ఆమె రాకను ఇష్టపడలేదు. ఆమె వెనుదీయలేదు. "రీచ్ టు రికవరీ" అను పేరుతో నడచిన ఆ పనిని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీవారు తమదిగా స్వీకరించిరి. 1974లో అది ఐరోపాకు వ్యాపించి, తరువాత అనేకదేశములకు పాకినది.

ఆ 1974లోనే అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డు తనకు రొమ్ము తొలగించిన సంగతిని దాచక లోకమునకు తెలియజేసెను. ఆ వార్త విని వేలకొలది స్త్రీలు పరీక్ష చేయించుకొనుటకు ముందుకు వచ్చిరి. ఒక స్త్రీ నోరు విప్పుటవలన ఎందఱికి మేలు కలుగునో దీనివలన గ్రహింపవచ్చును.

లాసరమ్మగారి పద్ధతిలో రెండు నియమములు గమనింపదగినవి. చూడవచ్చు స్త్రీ స్వయముగా ఆ చికిత్స పొందినదై యుండవలెను. ఆమె వైద్యసలహా ఈయరాదు. మందును గూర్చియు చికిత్సను గూర్చియు చెప్పువాడు వైద్యుడే. ఆమె తన యనుభవమును మాత్రము చెప్పవలెను. ఎవరైనను ఇట్టి సేవ చేయబూనినచో ఈ రెండు నియమములను మఱువరాదు.

పునర్నిర్మాణ మనగా నేమి?

ఇందు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది సిలికాను తిత్తిని అమర్చుట. 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున ఇట్టి తిత్తిని మొదటిసారి ఒక స్త్రీకి అమర్చిరి. రొమ్ము తీసినచోట చర్మము చాలనప్పుడు ముందుగా ఒక ఖాళీతిత్తిని పెట్టి, కొన్ని వారములపాటు కొంచెము కొంచెముగా ఉప్పునీటిద్రవము నింపి చర్మమును సాగదీసి, పిమ్మట శాశ్వతమైన తిత్తిని పెట్టుదురు. రెండవది స్వశరీరమునుండియే మాంసమును తెచ్చి నిర్మించుట. పొత్తికడుపునందలి చర్మమును, క్రొవ్వును రక్తనాళములతో గూడ తీసి, సూక్ష్మదర్శిని సాయమున ఆ నాళములను ఛాతీలోని నాళములకు కలిపి కుట్టుదురు. కడుపుకండరమును తీయకయే దీనిని చేయు పద్ధతి 1990 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినది. ఇది చాలగంటలు పట్టు శస్త్రచికిత్స.

పునర్నిర్మాణమును రొమ్ము తీసిననాడే చేయవచ్చును, కొన్ని నెలలకో సంవత్సరములకో చేయవచ్చును, అసలే చేయింపకుండవచ్చును. మధుమేహము, పొగత్రాగుట, స్థూలకాయము ఉన్నవారికి గాయము మానుట కష్టము. రేడియేషను చికిత్స పొందవలసినవారికి తిత్తి చుట్టును గట్టిపడు భయ మధికము. కావున ఏ మార్గము ఎవరికి తగునో ముందుగానే వైద్యునితో విపులముగా చర్చింపవలెను.

ఇంటికి వచ్చిన తరువాత

మా పినతల్లి కుమార్తె నలువదిరెండేండ్ల వయస్సున రెండవ మార్గమును ఎంచుకొనెను. మొదటి రెండుదినములు నర్సులు గంటకొకపర్యాయము వచ్చి క్రొత్తరొమ్మును తాకి వెచ్చగా నున్నదా, రంగు సరిగా నున్నదా యని చూచుచుండిరి. కడుపు కుట్టుటచే ఆమె నిటారుగా నిలువలేక ముసలమ్మవలె వంగి నడచుచుండెను. ఇది అందఱికిని కొన్నాళ్లు సహజమేనట. ఆ మాట ముందుగా తెలియక ఆమె తన నడుము ఇక చక్కబడదని ఏడ్చినది.

ఆ సమయమున ఏబది దాటిన యొక ఉపాధ్యాయిని ఆమెను చూడవచ్చినది. ఆమెకును నాలుగేండ్ల క్రిందట ఇదే చికిత్స జరిగినది. ఆమె చెప్పిన చిన్నవిషయములు ఏ పుస్తకమునను మాకు కనబడలేదు. గాయమునుండి నీరు తీయు డ్రెయిను గొట్టముల బుడ్లను లోపావడనాడాకు కట్టిన చిన్నగుడ్డసంచిలో పెట్టుకొన్నచో లాగుకొనవు. పైట కప్పిన పైకి కనబడవు. ఆ బుడ్లలోని నీటిని ఉదయము, సాయంకాలము కొలిచి, పాలలెక్క వ్రాసినట్లు ఒక పుస్తకమున వ్రాసిన వైద్యునికి ఉపయోగము. నీరు దినమునకు ఇరువది, ముప్పది మిల్లీలీటరులకు తగ్గినప్పుడు సాధారణముగా గొట్టములు తీసివేయుదురు. రవిక వదులుగా, ముందు హుక్కులతో నుండవలెను. మోకాళ్లక్రింద దిండు పెట్టుకొని పడకకుర్చీలో నిద్రించిన కడుపు కుట్లు లాగవు.

వంటయింటిని గూర్చి ఆమె చెప్పినది మఱింత విలువగలది. ఆస్పత్రికి పోకముందే పప్పుడబ్బాలు, ఉప్పు, పోపులపెట్టె నడుమెత్తున నుండునట్లు సర్దుకొనవలెను. అటకపైనున్న దానిని అందుకొనరాదు. వైద్యుడు అనుమతించువఱకు, అనగా సుమారు ఆరువారములు, నిండుబిందెను, కుక్కరును, పసిబిడ్డను ఎత్తరాదు. అట్లని చేతిని కదలింపక యుంచుటయు తప్పే. వైద్యుడు చెప్పినరీతిని మెల్లగా వ్యాయామము చేయనిచో భుజము బిగిసికొనును. చంకలోని గ్రంథులను తీసినవారికి ఆ చేయి వాచు భయము సంవత్సరముల తరువాతనైనను ఉండును. అట్టిచేతికి బిగుతైన గాజులు వలదు. చిన్నగాయమైనను నిర్లక్ష్యము చేయరాదు.

జ్వరము, గాయముచుట్టు ఎఱ్ఱదనము, చీము, క్రొత్తరొమ్ము రంగు మాఱుట, పిక్కలో నొప్పియు వాపును, ఆయాసము — వీనిలో ఏది కనిపించినను తెల్లవాఱువఱకు వేచియుండక వైద్యునియొద్దకు పోవలెను. ఈ విషయమున "నాకును అట్లే వచ్చి తగ్గినది" అని చెప్పు తోడిస్త్రీ మాటను నమ్మరాదు. మంచి తోడు అట్లు చెప్పదు.

కృతజ్ఞతయు దుఃఖమును

శరీరము మానుటకంటె కష్టమైనది మఱియొకటి కలదు. వైద్యుడు వచ్చి చూచి "చాల చక్కగా కుదిరినది" అని సంతోషించెను. మేమందఱమును సంతోషించితిమి. ఆమెయు నవ్వినది. కాని రాత్రివేళ గోడవైపు తిరిగి ఏడ్చుచుండెను. కారణమడిగిన చెప్పదయ్యెను.

ఉపాధ్యాయిని రెండవమాఱు వచ్చినపుడు మమ్ములను బయటికి పొమ్మని తలుపు వేసికొనెను. ఆనాడు వారిద్దఱును కలసి మొదటిసారి అద్దమున చూచిరట. తరువాత మా సోదరి మాతో నిట్లనెను: "అక్కయ్యా, తాకిన నాకు తెలియుటలేదు. ఎవరిదో యొకటి తెచ్చి నాకు పెట్టినట్లున్నది. ఇంతమంది ఇంత శ్రమపడి, ఇంత ఖర్చుపెట్టి ప్రాణము నిలిపినారు. ఇంకను ఏడ్చిన కృతఘ్నురాలినని భయపడితిని. ఆమె నాతో, 'అమ్మా, బ్రతికినందుకు సంతోషించుచునే పోయినదానికై ఏడ్వవచ్చును; నేనును రెండేండ్లు ఏడ్చితిని' అనినది."

ఆ మాటను వైద్యుడు చెప్పియుండలేడు, మేమును చెప్పియుండలేము. చెప్పినను ఆమె నమ్మియుండదు. క్రొత్తరొమ్మునకు స్పర్శ చాలవఱకు రాకపోవచ్చుననియు, వచ్చినను నెలలు, సంవత్సరములు పట్టుననియు, అది తనదిగా తోచుటకు కాలము కావలెననియు అనుభవించినవారు చెప్పినప్పుడే మనస్సున నాటును.

అయితే తోడుగా వచ్చినవారు తమ మార్గమే సరియని పట్టుపట్టరాదు. అమెరికా కవయిత్రి ఆడ్రీ లార్డ్ గారికి 1978లో రొమ్ము తీసివేసిరి. ఆమెను చూడవచ్చిన స్వచ్ఛందసేవిక గొఱ్ఱెబొచ్చుతో చేసిన రొమ్మునిచ్చి, దానిని ధరించిన ఎవరికిని తెలియదని ధైర్యము చెప్పెను. లార్డ్ గారు దానిని ధరింప నిరాకరించి, జరిగినదానిని దాచుటవలన తనవంటి స్త్రీలు ఒకరినొకరు గుర్తింపలేకపోవుదురని 1980లో ప్రకటించిన గ్రంథమున వాదించిరి. కావున పునర్నిర్మాణము కోరు స్త్రీని "ఈ వయస్సున నీకెందులకు?" అని అనుటయు, వలదన్న స్త్రీని "భర్త ఏమనుకొనును?" అని బెదరించుటయు సమానమైన తప్పులు. ఆ శరీరము ఆమెది.

దాచుట ఎవరి మేలునకు?

మన కుటుంబములు ఈ వ్యాధిని దాచుటకు ముఖ్యకారణము ఆడపిల్లల వివాహము. తల్లికి క్యాన్సరని తెలిసిన సంబంధములు రావని భయము. ఈ భయమును మేము తేలికగా త్రోసివేయము. మాకును ఆ భయమే కలిగినది. కాని నూటికి తొంబదిమందికి పైగా ఈ వ్యాధి ఒక్క జన్యువువలన వంశపారంపర్యముగా వచ్చినది కాదు. అట్లు వచ్చునట్టి కొలదిమంది కుటుంబములలోనో, అక్కచెల్లెండ్రకును కుమార్తెలకును నిజము తెలియుట మఱింత యవసరము. తెలిసినవారే వేళకు పరీక్ష చేయించుకొందురు. దాచినచో మనము రక్షింపదలచినవారినే ఆపదలో విడిచినట్లగును.

తెలుగుదేశమున నేడు ఈ మౌనము కొంత తొలగుచున్నది. హైదరాబాదున 2007లో స్థాపితమైన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషను వంటి సంస్థలు ప్రజలకు ఎఱుక కలిగించుచున్నవి. కాని చిన్నపట్టణములలోను, పల్లెలలోను చికిత్స ముగించి వచ్చిన స్త్రీకి తలుపు తట్టి పలుకరించు తోడిస్త్రీ ఇంకను అరుదు. దీనికి భవనములు అక్కఱలేదు; నిధులు అక్కఱలేదు. చికిత్స చేసిన వైద్యుని "నాకువలె జరిగినవారితో ఒక్కసారి మాటాడింపుడు" అని రోగి అడుగవచ్చును. కోలుకొన్నవారు తమ పేరును వైద్యునియొద్ద వ్రాయించి, "కావలసినపుడు నన్ను పిలువుడు" అని చెప్పవచ్చును.

సంవత్సరము గడచిన తరువాత మా సోదరి ప్రక్కయింటావిడతో, తనకు జరిగినది కడుపు ఆపరేషను కాదని తానే చెప్పెను. ఆ యిల్లాలు కొంతసేపు మాటాడక, తన రొమ్మునను ఆఱునెలలుగా గడ్డ యున్నదని బయటపెట్టినది. మఱునాడే ఇద్దఱును కలసి ఆస్పత్రికి పోయిరి. దైవకృపచే అది క్యాన్సరు కాదు. కాని అయియున్నచో, మేము చెప్పిన అబద్ధము ఆమె ఆఱునెలల మౌనమునకు ఎంత బలమిచ్చియుండెడిదో తలచుకొనిన మాకిప్పటికిని ఒడలు జలదరించుచున్నది.

సోదరీమణులారా! మీలో ఈ త్రోవను నడచి వచ్చినవారుందురు. నేడు ఏదో యొక ఆస్పత్రి మంచముపై ఒక స్త్రీ గోడవైపు తిరిగి పండుకొనియున్నది. ఆమెకు మీరు చెప్పవలసిన మాట మఱి యెవరియొద్దను లేదు. పోయి పలుకరింపుడు.